గడియారం వెనకబడింది

ఫిబ్రవరి 9

అక్కయ్యకి నమస్కారాలు.

నువ్వు పంపిన మైకు, దాన్ని కంప్యూటరుకి కలిపే డబ్బా, నీ వయొలిన్ ఎక్కించిన పెన్ డ్రైవు అన్నీ క్షేమంగా చేరాయి. నేనూ క్షేమమే. ఫోన్ చేసి చెబితే సరిపోయేదిగా అంటావేమో. పోయినసారి ఫోన్లో పియానో మూత పగుళ్ళ దగ్గర మొదలుపెట్టి నాన్న ఇల్లు అమ్మిన సంగతి దాకా వెళ్ళి, చివరికి ఎవరు ముందు పెట్టేశారో కూడా తెలియకుండా పెట్టేశాం. పెన్ డ్రైవులు ఎలాగూ పోస్టులో తిరగాలి కాబట్టి వాటితోపాటు ఓ కాగితం కూడా తిరగనీ. కాగితం మీదైతే నా మాటకి నువ్వు అడ్డు రాలేవు.

అమ్మ కట్టిన పాటలు మనిద్దరికీ తప్ప ఇంకెవరికీ రావని, మనం ఉండగానే రికార్డు చేసేద్దామని నువ్వు అన్నప్పుడు సరే అన్నాను. ఇంత తతంగం ఉంటుందనుకోలేదు. డాన్సు స్కూలు మూసేసినప్పుడు పియానోతోపాటు వాళ్ళ ఆఫీసులోని కంప్యూటరు కూడా నాకే అంటగట్టారని చెప్పానుగా. అందులో రికార్డింగు ప్రోగ్రాం ఎక్కించాను. ఇల్లు అలకగానే పండగ కాదని తర్వాత తెలిసింది. నీ వయొలిన్ వింటూ పియానో మొదలుపెట్టానో లేదో, హెడ్‌ఫోన్లో ఒకటే చిటపట. కాసేపటికి తెర మీద ఎర్రగా ఏదో వెలిగి మొత్తం ఆగిపోతుంది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అంతే.

కింద లాండ్రీ వాళ్ళు మధ్యాహ్నం భోజనానికి యంత్రాలు ఆపినప్పుడే నాకు నిశ్శబ్దం దొరికేది. ఆ కాస్త సమయమూ ఈ చిటపటకే సరిపోతోంది. రేడియో స్టూడియోలో ముప్పావు జీవితం గడిపినదానివి, ఏం చెయ్యాలో రాయి. చిన్నపిల్లాడికి చెప్పినట్టు రాయి.

తమ్ముడు


ఫిబ్రవరి 18

గడియారానికి అక్క దీవెనలు.

చిన్నపిల్లాడికి చెప్పినట్టే రాస్తున్నాను, తర్వాత ఉడుక్కోకు.

ముందు ఇంటర్నెట్టు తీసెయ్. నువ్వు వాయిస్తుంటే ఆ కంప్యూటరు వెనకాల ఏవేవో తెచ్చుకుంటూ పంపుకుంటూ ఉంటుంది. నెట్టు లేకపోతే నోరు మూసుకుని నీ పనే చేస్తుంది. రెండోది, వెనకాల నడిచేవన్నీ ఆపెయ్. ఒక మనిషి రెండు పడవల మీద కాళ్ళు పెడితే ఏమవుతుందో దానికీ అదే అవుతుంది. మూడోది, చిటపట సంగతి. వడ్డించేవాడు ఒక్కో గరిటె మోసుకొస్తే పరుగులు పెట్టి నేలంతా ఒలకబోస్తాడు. గిన్నె నింపుకుని వస్తే ఒలకదు, కానీ నింపేదాకా మనం ఆగాలి. ఆ గిన్నె పేరు బఫరు. నీది పాత కంప్యూటరు కాబట్టి పెద్ద గిన్నె పెట్టు. ఆ ఆగడం ఎంతో లెక్కేసి, నువ్వు వాయించినదాన్ని ప్రోగ్రామే సరైన చోట కూర్చోబెడుతుంది. నాలుగోది, డబ్బాకి దాని సొంత డ్రైవరు ఉంటుంది, అంటే ఎంత ఆగాలో కంప్యూటరుకి చెప్పే చిన్న ప్రోగ్రాం. అదీ ఎక్కించుకో.

అన్ని పాటల్లోనూ వెనకాల టిక్కు, అదే, ప్రోగ్రాం లయ తప్పకుండా కొట్టే తాళం, పెట్టుకునే వాయించాను. అయినా నీకు టిక్కు ఎందుకులే. స్కూల్లో పిల్లలు నీ పియానోని బట్టే వాచీలు సరిచేసుకునేవాళ్ళని మీ పెద్ద టీచరు చెప్పింది నాకింకా గుర్తే.

ఇక్కడ లిఫ్టు పాడైంది. బాగుచేసేదాకా నేను కిందకి దిగడం లేదు, సరుకులూ పోస్టూ వాచ్‌మనే చూస్తున్నాడు. కిటికీలోంచి బస్టాపు కనబడుతుంది, ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ చూస్తూ పొద్దుపుచ్చుతున్నాను. నీ పియానో త్వరగా పంపు. ఇంట్లో రెండో వాయిద్యం విని చాలా కాలమైంది.

అక్క


మార్చి 6

అక్కయ్యకి,

నువ్వు చెప్పినవన్నీ చెప్పిన వరసలోనే చేశాను. నెట్టు తీసెయ్యడం కాదు, ఏకంగా ఆ కనెక్షనే మాన్పించేశాను. వెనకాల నడిచేవి ఆపమన్నావుగా, కంప్యూటరులోవి అయ్యాక ఇంట్లోవి మొదలుపెట్టాను. ఫ్రిజ్ గుర్రుమంటోందని దాని ప్లగ్గు పీకాను. గోడ గడియారం బ్యాటరీ తీసేశాను. పై వాటా డ్రాయింగు మాస్టారు రోజూ పేపరు పట్టుకుని వచ్చి కబుర్లు చెప్పి వెళ్ళేవారు. ఆయన చెప్పుల చప్పుడు మెట్ల దగ్గర్నుంచే మైకులో పడుతోందని, రికార్డింగు అయ్యేదాకా రావద్దని చెప్పాను. ఆయనేమీ అనుకోలేదు. రావడం మాత్రం మానేశారు.

చిటపట పోయింది. ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, పెడల్ మీద కాలు పెట్టినప్పుడు నా మోకాలు చేసిన చప్పుడు కూడా రికార్డయింది. ఇంత నిశ్శబ్దం నేను అడగలేదు అక్కా. రికార్డింగుకి బాగుంది, మిగతా రోజంతా ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

అమ్మ పాటల్లో నువ్వు ముందుగా పంపిన మూడూ వాయించాను. ఒక చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని నిన్ను వింటూ, రెండో చెవితో పియానోని వింటూ వాయించాను. ఆ కాసేపూ నువ్వు పక్క కుర్చీలో కూర్చున్నట్టే ఉంది. ఒక్క తప్పు కూడా దొర్లలేదనిపించింది. నేనింకా వినలేదు, ముందు నువ్వు విను.

నీ అక్షరాలేమిటి ఇలా చీమల్లా ఉన్నాయి? కాగితం దగ్గర అంత పిసినారితనం ఎప్పట్నుంచి? భూతద్దం పెట్టుకుని చదివాను.

తమ్ముడు


మార్చి 20

చిరంజీవి తమ్ముడికి,

విన్నాను. బాగుంది. చాలా బాగా వాయించావు. రెండూ కలిపి, అక్కడక్కడా కాస్త సర్ది, నీ కోసం ఇంకో పెన్ డ్రైవులో పెట్టి పంపుతున్నాను.

ఒంట్లో ఎలా ఉంది? నిద్ర పడుతోందా? పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకోవడం ఏమైనా ఇబ్బందిగా ఉంటోందా? ఊరికే అడుగుతున్నాను. ఒకసారి మంచి డాక్టరుకి చూపించుకోకూడదూ. ఈ వయసులో అందరూ చూపించుకుంటారు. మిగతా పాటలకి తొందరేం లేదు, ఓపిక ఉన్నప్పుడే వాయించు.

నా అక్షరాలకేం, బాగానే రాస్తున్నాను. నీ కళ్ళజోడు మార్పించుకో.

ఇక్కడ చలి ఇంకా తగ్గలేదు. పొద్దున వేళ్ళు కొయ్యబారి టీ కప్పు ఒకటి జారిపోయింది. ఫ్రిజ్ ప్లగ్గు పెట్టెయ్యి, తిండి పాడవుతుంది. మాస్టారిని కూడా రమ్మను. ఒక్కడివే ఉండకు.

అక్క


ఏప్రిల్ 2

అక్కకి,

నువ్వు పంపింది విన్నాను. ఆ తర్వాత నా దగ్గరున్నదీ విన్నాను. ముందే వినాల్సింది, నీ మీద నమ్మకంతో వినలేదు.

నీ దాంట్లో నా పియానో నీ వయొలిన్‌తో అడుగులో అడుగు వేసి నడుస్తోంది. నా దాంట్లో నీ వెనకాల ఈడ్చుకుంటూ వస్తోంది. కాస్త సర్దానని రాశావు. అంతా సర్దావు. నేను వాయించినదాన్ని తీసి, నేను వాయించాల్సిన చోట పెట్టావు. ముప్పయ్యేళ్ళు వందలమంది పిల్లలు నా వేళ్ళని నమ్మి కాళ్ళు ఎత్తారు, దించారు. వాళ్ళలో ఒక్కరు కూడా నన్ను సర్దాల్సిన అవసరం రాలేదు.

గుండీల సంగతి ఎందుకు అడిగావో కూడా అర్థమైంది. అమ్మకి ఆ జబ్బు మొదలైంది గుండీలు పెట్టుకోలేకపోవడంతోనే. తర్వాత మనం పాడుతుంటే ఆవిడ వేసే తాళం వెనకబడింది. ఆవిడకి మాత్రం సరిగ్గానే ఉన్నట్టు ఉండేది. నాకూ వాయించేటప్పుడు సరిగ్గానే ఉంది. అదే నన్ను భయపెడుతోంది. తప్పు చేస్తున్నానని తెలిస్తే దిద్దుకుంటాను, తెలియకపోతే ఏం చెయ్యను?

యంత్రం మీదకి నెడదామంటే మనసొప్పలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని స్కూల్లో పిల్లల్ని ఎన్నిసార్లు వెక్కిరించానో. నమ్మకం చాలక, తెర మీద నీ వయొలిన్ ధ్వని గీతలూ నా పియానో గీతలూ పక్కపక్కన పెట్టి కొలిచాను. ప్రతి స్వరమూ వెనకే, ప్రతిదీ ఒకే దూరంలో. వెనకబడటంలో కూడా గడియారాన్నే అని నవ్వుకున్నాను. తర్వాత నవ్వు రాలేదు.

మెట్ల మీద ఎదురైతే, పియానో కొనేవాళ్ళెవరైనా ఉంటే చూడమని మాస్టారికి చెప్పాను. మిగతా పాటలకి ఇంకెవరినైనా చూసుకో. నా మీద కోపమొస్తే రావచ్చు. నాకైతే నువ్వు దాచావన్న కోపమే ఎక్కువగా ఉంది.

తమ్ముడు


ఏప్రిల్ 10

ఒరే నాన్నా,

సర్దాను. దాచాను. నీ పియానో వినగానే నాకు అమ్మ చేతులు కళ్ళముందు కనబడ్డాయి. నీకెలా చెప్పాలో తెలియక, చెప్పకుండా బాగుచేస్తే బాగైపోతుందనుకున్నాను. తప్పే. తిట్టు, పడతాను. కానీ పియానో అమ్మకు, ముందు ఇది చదువు.

ప్రతి స్వరమూ ఒకే దూరంలో వెనకుందని రాశావు. ఆ ముక్క చదివి నేను లేచి నిలబడ్డాను. నీ పియానోని నేను ఒక్కో స్వరంగా సర్దలేదురా. మొత్తాన్ని పట్టుకుని ఒక్కసారి ముందుకి లాగాను, అన్నీ వాటి చోట్లలో కూర్చున్నాయి. అప్పుడే నాకు వెలగాల్సింది. ఏడుస్తూ చేసే పనిలో బుర్ర ఎక్కడ పనిచేస్తుంది?

మనిషి ఆలస్యం అలా ఉండదు. ఒకచోట జారతాడు, కంగారుపడి ఇంకోచోట అందుకుంటాడు, మళ్ళీ జారతాడు. యంత్రం ఆలస్యం ఒక్కటే మొదటినుంచి చివరిదాకా ఒకే కొలతలో ఉంటుంది. స్టూడియోలో నా ఉద్యోగమంతా ఈ తేడా పట్టుకోవడమే, నీ దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను.

ఒక పరీక్ష చెప్తాను, అలాగే చెయ్యి. హెడ్‌ఫోన్ తీసి మైకు మూతికి ఆనించి పెట్టు. ప్రోగ్రాంలో టిక్కు పెట్టి, రికార్డు నొక్కి, నువ్వు గదిలోంచి వెళ్ళిపో. వంటింట్లో కూర్చో, మెట్ల మీద కూర్చో, నీ ఇష్టం. యంత్రం తన టిక్కుని తనే వింటుంది. తర్వాత వచ్చి కొలువు. విన్న టిక్కు అసలు టిక్కు మీదే పడితే, నేను రాసిందంతా వట్టిది, ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్దాం. వెనక పడితే మాత్రం తప్పు నీది కాదు. ఎందుకంటే నువ్వు గదిలోనే లేవు.

ఇంకోటి అడగాలి. ఆ డబ్బా డ్రైవరు నిజంగా ఎక్కించావా?

అక్క


ఏప్రిల్ 17

అక్కా,

మెట్ల మీద కూర్చున్నాను. లోపల ఖాళీ గదిలో యంత్రం తనకి తనే టిక్కు టిక్కుమని చెప్పుకుంటోంది. నేను మెట్లు లెక్కపెట్టలేదు, దేవుణ్ణి తలుచుకోలేదు, ఊరికే కూర్చున్నాను. లోపలికెళ్ళి చూడటానికి చాలాసేపు ధైర్యం చాలలేదు.

టిక్కు వెనకే పడింది. నా పియానో ఎంత వెనకుందో సరిగ్గా అంతే వెనక. అక్కా, నేను గదిలో లేను.

నువ్వడిగిన డ్రైవరు సంగతి విను. ఎక్కించడం మొదలుపెట్టాను. సగంలో అది నెట్టు కావాలంది. నెట్టు తీసెయ్యమని నువ్వు మొట్టమొదటే రాశావు, నేనప్పటికే తీసేశాను. ఇది నన్ను పరీక్షిస్తోందనుకుని ‘సరే’ మీద నొక్కి ముందుకి పోయాను. సొంత డ్రైవరు లేక ఆ ప్రోగ్రాం ఎంత ఆగాలో తెలియకుండా గుడ్డిగా ఆగింది. గిన్నె పెద్దది చేసేసరికి ఆలస్యమూ పెద్దదైంది. కొండ నాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా అయింది మన వైద్యం. తప్పు నీదా నాదా అని ఫోన్లో అయితే ఓ గంట తేల్చుకునేవాళ్ళం.

మాస్టారి దగ్గరికి నేనే పైకి వెళ్ళాను. తలుపు తీసి, పేపరు చేతిలో పట్టుకునే కిందకి వచ్చారు. ఆయన ఫోన్లోని నెట్టుతో డ్రైవరు పూర్తిగా ఎక్కించాం. మళ్ళీ పరీక్ష పెట్టి, ఈసారి ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. టిక్కు టిక్కు మీదే పడింది. పియానో కొనడానికి మొన్న ఒకాయన వచ్చి కొలతలు తీసుకెళ్ళాడు, అది గుమ్మంలో పట్టదని తేలిందట, ఆ మాట మాస్టారు అప్పుడు చెప్పారు. స్కూలు వాళ్ళు దాన్ని లోపలికి ఎలా తెచ్చారో ఆ దేవుడికే తెలియాలి.

ఫ్రిజ్ గుర్రుమంటోంది. గోడ గడియారం నడుస్తోంది. మళ్ళీ వాయిస్తాను. ఈసారి నువ్వేమీ సర్దకు.

తమ్ముడు


ఏప్రిల్ 26

గడియారానికి,

నీ ఉత్తరం చదివి వయొలిన్ తీశాను. ఊరికే కాసేపు వాయించుకున్నాను. చెయ్యి అలసిపోయి ఆపేశాను కానీ సంతోషంగా ఉంది.

మనిద్దరికీ ఒక ఒప్పందం. ఇకమీదట ఎవరు వెనకబడినా రెండోవాళ్ళు నోరు విప్పి చెప్పాలి. సర్దకూడదు, దాచకూడదు. అమ్మ తాళం వెనకబడితే మనం ఏం చేశాం? ఆవిడ నొచ్చుకుంటుందని, ఆవిడ చెయ్యి పడేదాకా ఆగి పాడాం. అదేదో ప్రేమనుకున్నాం. ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే నయంగా ఉండేదని డాక్టరు అన్నప్పుడు నువ్వూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. మళ్ళీ అలా వద్దు.

ఈసారి టిక్కు పెట్టుకునే వాయించు. నీ కాలం నీకు తిరిగి రావాలి.

లిఫ్టు బాగైందట. ఇంకా దిగలేదు. దిగాలనిపించడం లేదు.

అక్క


మే 8

అక్కయ్యకి నమస్కారాలు.

మూడు పాటలూ వాయించాను. నువ్వన్నట్టే ఒక చెవిలో నీతోపాటు టిక్కు కూడా పెట్టుకున్నాను. ఇంతకుముందు టిక్కు పెట్టుకోలేదు, నిన్నే పట్టుకుని వాయించాను. అందుకే ఇన్నాళ్ళూ నాకిది తెలియలేదు.

నోరు విప్పి చెప్పాలన్న ఒప్పందం నీదే కాబట్టి చెప్తున్నాను. నువ్వు టిక్కుకి వెనకబడుతున్నావు అక్కా. మొదటి పాటలో కొంచెమే. రెండో పాట మధ్యలో జారావు, చరణం చివర గబగబా అందుకున్నావు, మళ్ళీ జారావు. నీ మైకు, నీ డ్రైవరు, నీ డబ్బా అన్నిటినీ అనుమానించాను. అవేవీ కావు. ఒకే కొలతలో లేదు. యంత్రానికీ మనిషికీ తేడా ఎలా పట్టుకోవాలో నువ్వే నేర్పావు. నేర్పకపోతే బాగుండేదని ఓ రెండు రోజులు నిన్ను తిట్టుకున్నాను.

నీ ఉత్తరాలు తీసి పియానో మూత మీద వరసగా పరిచాను. ఫిబ్రవరి ఉత్తరం భూతద్దం పెట్టుకుంటే చదవగలను. ఏప్రిల్ ఆఖరి ఉత్తరానికి భూతద్దమూ చాల్లేదు, మాస్టారి చేత చదివించుకున్నాను. నువ్వేమో బాగానే రాస్తున్నానన్నావు. అమ్మ చివరి రోజుల్లో రాసిన చాకలి పద్దు గుర్తుందా? అలాగే ఉన్నాయి నీ అక్షరాలు. జారిపోయిన కప్పు చలి వల్ల కాదనుకుంటాను. గుండీల సంగతి నువ్వు నన్ను అడిగావు. నిన్ను అడిగేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

నాకు భయంగా ఉంది. నీకూ ఉంటుంది. కానీ అమ్మ విషయంలో చేసినట్టు చెయ్యను. సోమవారం బయలుదేరి వస్తున్నాను. ఇంటి తాళాలు మాస్టారికి ఇచ్చాను. ముందు డాక్టరు దగ్గరికి వెళ్దాం, తర్వాత కావలసినంత పోట్లాడుకుందాం. ఇక్కడికి రానంటే నేనే అక్కడ ఉంటాను. పియానో ఎలాగూ గుమ్మం దాటదు, నీ గోడకి ఏదో ఒక పాత కీబోర్డు ఆనించుకుంటాను.

పెన్ డ్రైవు ఈ ఉత్తరంతో పంపడం లేదు, నాతో తెస్తున్నాను. అందులో రెండు రకాలున్నాయి. ఒకటి టిక్కుతో వాయించింది, అది డాక్టరుకి కావాలంటే వినిపిద్దాం. రెండోది టిక్కు ఆపేసి వాయించింది. నువ్వు జారిన చోట నేనూ జారాను. నువ్వు విల్లు ఎత్తడానికి ఆలోచించిన చోట నా వేళ్ళు కూడా పియానో మెట్ల మీదే ఆగాయి. అమ్మ పాట అలా ఇంకొంచెం నెమ్మదిగా ఉంది, ఇంకొంచెం పొడుగ్గా ఉంది. ఎక్కడా ఎవరూ వెనకబడినట్టు లేదు. నేను ఏదీ సర్దలేదు.

బెల్లు కొట్టి బయట నిలబడతాను. మెల్లగా వచ్చి తలుపు తియ్యి. నాకేం తొందర లేదు.

నీ తమ్ముడు